సరిహద్దూ, ఒడంబడికా: అలంపూర్ చరిత్రలో సమాఖ్య ప్రశ్న

ఫెడరల్ విధానాన్ని గూర్చి రాజనీతి గ్రంథాలు సాధారణంగా 1787 నాటి అమెరికా రాజ్యాంగంతోనో, 1848 నాటి స్విట్జర్లాండు రాజ్యాంగంతోనో చర్చ మొదలుపెడతాయి. అది ఆక్షేపించదగిన విషయం కాదు. ఐతే ఫెడరల్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం 'ఒడంబడిక' అన్న సంగతి ఆ చర్చలో త్వరగా మరుగున పడుతుంది. అధికారాల జాబితాలు, రాష్ట్రాల సరిహద్దులు ముందుకు వస్తాయి. భిన్న మతాల వారు, భిన్న భాషల వారు ఒకే రాజ్యంలో బతకాలంటే వారికి రక్షణనిచ్చేది సరిహద్దా, ఒడంబడికా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. దీనికి జవాబు వెదకడానికి కృష్ణా తుంగభద్రల నడుమ, రాయచూరు అంతర్వేది తూర్పు కొనన ఉన్న అలంపూర్ తగిన స్థలమని నా అభిప్రాయం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, షా అలీ పహిల్వాన్ దర్గా పక్కపక్కనే ఉన్న ఆ ఊరు నూరేళ్ళ లోపున ఎన్ని గీతలకు అటూ ఇటూ మారిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇస్లామీ చరిత్ర పాఠకులకు ఒడంబడిక అనగానే మదీనా గుర్తుకు వస్తుంది. క్రీ.శ. 622లో హిజ్రత్ తరువాత ముహమ్మద్ ప్రవక్త (స) మదీనాలోని వివిధ వర్గాల నడుమ ఏర్పరచిన ఒప్పందపత్రం ఇబ్నె ఇస్‌హాఖ్ రచన ద్వారానూ, అబూ ఉబైద్ 'కితాబుల్ అమ్వాల్' ద్వారానూ మనకు దక్కింది. దీనిని ప్రపంచంలోని తొలి లిఖిత రాజ్యాంగంగా నిరూపించ బూనుకున్నవాడు హైదరాబాదులో పుట్టి పెరిగిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002). రాజ్యాంగమన్న మాట దానికి ఎంతవరకు తగునన్నది పండితుల వివాదం. మనకు ముఖ్యమైనది అందులోని పద్ధతి. ముహాజిర్లు ఒక వర్గంగానూ, మదీనా తెగలలో ప్రతి ఒక్కటీ వేరువేరుగానూ తమ దియత్‌ను, అంటే రక్తపరిహారాన్ని, తామే చెల్లించుకోవాలి. తమ బందీలను తామే విడిపించుకోవాలి. యూదుల ధర్మం యూదులది, ముస్లిముల ధర్మం ముస్లిములది. నగర రక్షణ, దాని ఖర్చు మాత్రం అందరిదీ. తీరని తగాదా ప్రవక్త (స) ముందుకు రావాలి. ఏ తెగ ఏ వీధిలో ఉండాలి, ఏ గీత దాటరాదు అన్న మాట అందులో ప్రధానం కాదు. ఎవరు ఎవరికి ఏమి బాకీ అన్నదే ప్రధానం. కొన్ని ఏళ్ళకే పెద్ద యూదు తెగలతో ఆ సంబంధం యుద్ధాల మధ్య తెగిపోయిన మాట వాస్తవమే. దానిని దాచి పెట్టి మదీనా ఆదర్శాన్ని పొగిడేవారు చరిత్రకు మేలు చేయడం లేదు. ఒడంబడిక ఎంత ఉన్నతమైనదైనా, ఇరుపక్షాలూ పాటించినంత కాలమే అది నిలుస్తుంది.

దక్కనులో ముస్లిం ప్రభువులు ఈ పద్ధతిని అనుసరించారా? బహమనీ సుల్తానుల తరఫ్‌ల ఏర్పాటును కొందరు సమాఖ్యకు పూర్వరూపంగా చూపుతారు. నేను ఒప్పుకోలేను. గుల్బర్గా, దౌలతాబాద్, బీరారు, బీదరు అనే నాలుగు తరఫ్‌లూ సుల్తాను విభజించి ఇచ్చినవే. మహమూద్ గవాన్ వాటిని ఎనిమిది చేసినా, అది తరఫ్‌దార్ల బలం తగ్గించడానికే తప్ప ప్రజల వైవిధ్యాన్ని గుర్తించడానికి కాదు. 1481లో గవాన్ వధ తరువాత ఆ తరఫ్‌దార్లలో బలవంతులు ఎవరికి వారు సుల్తానులయ్యారు. పై నుండి పంచి ఇచ్చిన అధికారం పై చేయి బలహీనపడగానే చెదిరిపోతుంది.

సంస్థానాల సంగతి ఇంతకంటె చిక్కైనది. నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అంటే కొల్లాపురం, హిందూ ప్రభువుల ఏలుబడిలో ఉండేవి. వారు నిజాముకు ఏటా పేష్కష్ చెల్లించేవారు. తమ గ్రామాలలో శిస్తు తామే వసూలు చేసుకొనేవారు. గద్వాల ప్రభువులు ముస్లిం సార్వభౌముని నీడలోనే సంస్కృతాంధ్ర కవులను పోషించి తమ ఊరికి 'విద్వద్గద్వాల' అన్న పేరు తెచ్చారు. వనపర్తి రాజావారి హబ్షీ సిపాయిల దళం తరువాత నిజాము కొలువుకు చేరింది. హైదరాబాదులోని ఎ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు హబ్షీ సేన వల్ల వచ్చినదే. మతం అడ్డు రాలేదన్నది నిజం. దీనిని పరమత సహనానికి నిదర్శనంగా చెప్పుకోవడం మనకు అలవాటు. అందులో తప్పు లేదు గాని, అంతటితో ఆగరాదు. ఈ ఒడంబడిక ప్రభువుకూ ప్రభువుకూ మధ్య కుదిరినది. వారసత్వానికి నిజాము అంగీకారం కావలసి వచ్చేది. సంస్థానాన్ని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తీసుకొనే అధికారం సర్కారు చేతిలో ఉండేది. రైతు ఈ రెండు అంతస్తుల కిందా మోసేవాడే తప్ప మాట చెప్పేవాడు కాదు. 1949 నాటి జాగీర్ల రద్దు శాసనంతో సంస్థానాలు అంతరించినప్పుడు గ్రామాలలో వాటిని నిలబెట్టడానికి ఎవరూ ముందుకు రాకపోవడం ఇందువల్లనే.

గద్వాల పక్కనే ఉన్న అలంపూర్ రాయచూరు జిల్లాలో ఒక తాలూకా. 1853 సంధి ప్రకారం రాయచూరు అంతర్వేదిని నిజాము తన సైన్యం ఖర్చు బాకీ కింద ఈస్టిండియా కంపెనీ అధీనం చేశాడు. 1860లో అది తిరిగి వచ్చింది. ఏడేళ్ళ పాటు ఈ నేల మీద ప్రభువు వేరు, పాలకుడు వేరు. ఆ ఏర్పాటును గూర్చి అక్కడి వారిని ఎవరూ అడగలేదు.

ఇక భాష. జిల్లా కేంద్రం రాయచూరులో జనం భాష కన్నడం. కచేరీ భాష ఉర్దూ. అలంపూర్, గద్వాల ఇళ్ళలో తెలుగు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపూరులో జరిగాయి. కాళోజీ 'నా గొడవ' వెలుగు చూసింది అక్కడే. అప్పటికి ఆ ఊరు రాయచూరు జిల్లాలోనే ఉన్నదన్న సంగతి తరచు మరచిపోతాము. తెలుగు వారు తమ భాషను తమ తాలూకాలో బతికించుకోవడానికి అప్పటికి రాష్ట్రపు గీత అడ్డు కాలేదు, సాయమూ చేయలేదు.

అదే సంవత్సరం డిసెంబరులో జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన సంఘం ఏర్పడింది. కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. 1955లో సమర్పించిన నివేదికలో ఆ సంఘం తెలంగాణాను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా వేరుగా ఉంచి, 1961 ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల ఆమోదం లభిస్తే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. సమ్మతి కోసం ఎదురు చూడమన్న ఈ సలహాను ఎవరూ పట్టించుకోలేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు జిల్లా మైసూరుకు పోయింది. అందులోని అలంపూర్, గద్వాల తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాకు, ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి.

సలహాకు బదులుగా వచ్చినది ఒక ఒడంబడిక. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన ఎనిమిది మందిలో తెలంగాణా పక్షాన ముఖ్యుడు హైదరాబాదు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆయన ఫారసీ, ఉర్దూ భాషల్లో గట్టి పండితుడు. ప్రాంతీయ సంఘం, మంత్రిపదవుల దామాషా, ముల్కీ నిబంధన, మిగులు ఆదాయం వంటి అంశాల నడుమ అందులో ఉర్దూకు కూడా ఒక వాక్యం దక్కింది. తెలంగాణా పరిపాలనలో, న్యాయస్థానాలలో ఉర్దూకు ఉన్న స్థితి అయిదేళ్ళు కొనసాగాలని దాని తాత్పర్యం. ఒక భాషను మాట్లాడే ప్రజల భద్రతకు అయిదేళ్ళ గడువు! ఆ ఎనిమిది సంతకాలలో ఒక్క ముస్లిం పేరు కూడా లేదు. ద్వేషం వల్ల లేదనడం అన్యాయం. ఒప్పందం రెండు ప్రాంతాల మధ్య జరిగింది. ఉర్దూ వారు ఒక ప్రాంతం కాదు, కాబట్టి ఒక పక్షమూ కాలేకపోయారు.

భాషా ప్రాతిపదికన గీసిన సమాఖ్యలోని లోపం ఇక్కడే పట్టుబడుతుంది. నేలతో ముడిపడిన వైవిధ్యానికి అది మంచి రక్షణ. అలంపూర్ తెలుగు రైతుకు 1956 మేలే చేసింది, తన భాషలో అర్జీ రాసుకొనే అవకాశం ఇచ్చింది. కాని ఊరూరా కొన్ని ఇళ్ళుగా ఉన్న ముస్లింలకు ఏ గీతా రాష్ట్రాన్ని ఇవ్వలేదు. హైదరాబాదు విభజనతో వారు మూడు రాష్ట్రాలలో మూడు అల్పసంఖ్యాక వర్గాలయ్యారు. ఉస్మానియా సామ్రాజ్యంలోని మిల్లత్ పద్ధతి నేలను కాక సమాజాన్ని ఆధారం చేసుకొన్నది. అది సమానత్వం కాదు గాని, చెల్లాచెదురుగా ఉన్నవారికి ఒక సంస్థాగత ఉనికిని ఇచ్చింది. ఆస్ట్రియాలో 1899లో కార్ల్ రెన్నర్, 1907లో ఒట్టో బవర్ నేలతో నిమిత్తం లేని సాంస్కృతిక స్వయంపాలనను ప్రతిపాదించారు. 1925లో ఎస్తోనియా దానిని చట్టం చేయగా అక్కడి జర్మనులు, యూదులు వినియోగించుకొన్నారు. మన రాజ్యాంగంలో 29, 30, 350-ఎ అధికరణాలు ఈ దిశలో వేసిన అడుగులే. ఐతే ఇవి కోర్టుకు వెళ్ళి అడగవలసిన హక్కులు. ఒప్పందంలో పక్షమై కూర్చునే స్థానం కాదు. 2017లో తెలంగాణా రాష్ట్రం ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాష చేసింది. అలంపూర్ బడిలో ఉర్దూ ఉపాధ్యాయుడు ఉన్నాడా లేదా అన్నది ఆ చట్టానికి అసలు పరీక్ష.

పెద్దమనుషుల ఒప్పందం ఏమైంది? 1969లో ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకంతో ప్రాంతీయ సంఘం రద్దయింది. 2014 జూన్ 2న తెలంగాణా వేరు రాష్ట్రమైంది. 2016 అక్టోబరులో అలంపూర్ కొత్త జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది. గీతలు మారినంత సులభంగా అక్కడి పొలాలకు నీరు రాలేదు.

రాజోలిబండ ఆనకట్ట ఈ మాటకు సాక్ష్యం. తుంగభద్ర మీద నిజాం పాలన చివరి సంవత్సరాల్లో దీని పని మొదలైనప్పుడు కాలువ తలా, తోకా రెండూ రాయచూరు జిల్లాలోనే ఉన్నాయి. 1956 గీత కాలువను అడ్డంగా కోసింది. 143 కిలోమీటర్ల ఎడమ కాలువలో మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటకలో, తక్కినది గద్వాల, అలంపూర్ వైపు. ఆనకట్ట కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌ది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువ కింద తెలంగాణా ప్రాంతపు 87,500 ఎకరాలకు 15.9 టి.ఎం.సి.లు, కర్ణాటకకు 1.2 టి.ఎం.సి.లు కేటాయించింది. కాగితం మీద ఇంత స్పష్టమైన ఒడంబడిక అరుదు. కాని తూములు ఒకరి చేతిలో, ఆకలి మరొకరిది. పూడిక తీయడానికి, గట్టు మరమ్మతుకు ఒక రాష్ట్రం డబ్బు కట్టాలి, మరొక రాష్ట్రంలో పని జరగాలి, మూడవ రాష్ట్రపు రైతులు ఒప్పుకోవాలి. అలంపూర్ వైపు చివరి ఆయకట్టుకు నీరు అందని సంవత్సరాలే ఎక్కువ. కాలువ పై భాగంలోని రైతును దోషిగా నిలబెట్టడం తేలిక. ఐతే ఆయన కూడా 1956కు ముందు అదే జిల్లా మనిషి, అదే కచేరీకి అర్జీ పెట్టుకొన్నవాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఆ కచేరీని తీసివేసి, దాని స్థానంలో ఇద్దరూ కూర్చోగల మరొక సదస్సును ఎవరూ ఏర్పాటు చేయలేదు. రాష్ట్రాలు మాట్లాడుకొంటాయి, ఆయకట్టుదార్లు మాట్లాడుకోరు.

చివరకు 2018లో తుమ్మిళ్ళ దగ్గర ఎత్తిపోతల పథకం నడవడం మొదలైంది. వాలున తనంతట దిగి రావలసిన నీటిని కింది భాగంలో అదే తుంగభద్ర నుండి మోటార్లతో తోడి, కాలువ చివరి భాగంలో పోస్తున్నారు.