నాడి కాదు... ఊపిరి చూడండి!

1889 డిసెంబరు. హైదరాబాద్ నుంచి లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్యపత్రిక ఆఫీసుకు ఒక టెలిగ్రాం వెళ్లింది. పంపినవారు డాక్టర్ లాడర్ బ్రంటన్. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు చేశామన్నారు. మత్తుమందు క్లోరోఫాంతో ముప్పంటూ ఉంటే ఊపిరి ఆడకపోవడం వల్లో, మోతాదు మించడం వల్లో తప్ప నేరుగా గుండెకు ఏమీ కాదన్నారు.

ఇదే నమ్మకంతో ఆయన ఇక్కడికి వచ్చి ఉంటే అసలు కథే లేదు. సరిగ్గా దీనికి ఎదురుమాట నమ్మి ఆయన ఓడ ఎక్కారు.

ఆ రోజుల్లో క్లోరోఫాం వరమూ అదే, భయమూ అదే. ఎడిన్‌బరోలో డాక్టర్ సింప్సన్ 1847 నవంబరులో దాన్ని వాడకంలోకి తెచ్చారు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాం కిందే ప్రాణం వదిలింది. ముందు ఆగింది గుండెనా, ఊపిరా? దీనిమీద డాక్టర్లు రెండుగా చీలిపోయారు. గుండే ఆగుతుంది, నాడి మీద నుంచి వేలు తీయొద్దు అన్నారు లండన్ వాళ్లు. నాడి సంగతి వదిలేయండి, రొమ్ము కదులుతోందో లేదో చూడండి, నాలుక వెనక్కి జారకుండా పట్టుకోండి అని ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ చెప్పేవారు.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లౌరీ. హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూలుకు పెద్ద దిక్కు. ఆయన చేయి పడే చోటు మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి. 1908 వరదలో కొట్టుకుపోయింది అదే. మనిషి పట్టుదల గలవాడు. మొండివాడన్నా తప్పులేదు. గురువు చెప్పిందాన్ని రుజువు చేయాలని 1888లో ఒక కమిషన్ వేయించారు. వందకు పైగా కుక్కల మీద పరీక్షలు జరిగాయి. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని తేలింది. 1889 మొదట్లో బ్రిటిష్ రాజకుమారుడు డ్యూక్ ఆఫ్ కన్నాట్ హాజరైన మెడికల్ స్కూలు సభలో ఆ సంగతి గట్టిగా చాటారు. లాన్సెట్ మాత్రం పెదవి విరిచింది.

మరొకరైతే అక్కడితో ఊరుకునేవారు. లౌరీ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం తలుపు తట్టారు. వెయ్యి పౌండ్లు ఇప్పించారు. మాకు అనుకూలంగా రాయండి అని ఇచ్చిన డబ్బు కాదది. మీరే ఒక మనిషిని పంపండి, మా కళ్లెదుటే మీ చేతులతో తేల్చండి అని ఇచ్చింది. తనను కాదన్నవాణ్ణి తన ఖర్చుతో పిలిపించి పరీక్షకు నిలబడిన పరిశోధకులు ఏ కాలంలోనైనా అరుదే.

లాన్సెట్ బ్రంటన్‌ను ఎంచుకుంది. చిన్నాచితకా మనిషేం కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించిన ఘనుడు. క్లోరోఫాం గుండెను ఆపేస్తుందన్న పక్షం వాడు. అక్టోబరులో హైదరాబాద్‌లో అడుగుపెట్టారు. లౌరీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ... ఈ నలుగురితో రెండో కమిషన్ మొదలైంది.

ఆ బల్ల దగ్గర ఒక్కసారి నిలబడి చూద్దాం. కుక్కను వెల్లకిలా కట్టేశారు. దాని రక్తనాళానికి తగిలించిన గొట్టం ఒక మీటకు కలిసింది. తిరుగుతున్న డ్రమ్ము మీద ఆ మీట ముల్లు రక్తపోటును గీతగా గీస్తోంది. మూతి మీది గుడ్డపై క్లోరోఫాం పడుతోంది. ఒకరి చూపు డొక్కల మీద, ఒకరిది గడియారం మీద, మరొకరిది గీత మీద. డొక్కల కదలిక నెమ్మదించింది. ఒకసారి ఎగిరింది, ఆగింది. మళ్లీ ఒక్కసారి. ఇక లేదు. ఊపిరి పోయిందని చెప్పి, టైము రాసుకున్నారు. గీత మాత్రం ఆగలేదు. కిందికి జారుతూనే సన్నగా అలలు అలలుగా సాగుతోంది. గుండె ఇంకా కొట్టుకుంటోంది! ఆ వ్యవధిలో కృత్రిమ శ్వాస అందిస్తే జంతువు తేరుకుంటోంది, ఆలస్యం చేస్తే పోతోంది.

ఇదే తంతు మళ్లీ మళ్లీ, దాదాపు 600 సార్లు. ఇన్ని మూగజీవాలను బలిపెట్టిన పని ఈనాటి నైతిక కమిటీల ముందు నిలవదు, ఆ మాట చెప్పుకోవాల్సిందే. ఈ కమిషన్ల కాలంలో క్లోరోఫాం ఇచ్చినవారిలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. 1885లో ఇదే మెడికల్ స్కూల్లో చేరి 1889లో చదువు పూర్తి చేసిన పార్సీ యువతి. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆవిడ పేరే చెబుతారు.

బ్రంటన్ మనసు మారింది. టెలిగ్రాం వెళ్లింది. లౌరీ గెలిచారు.

గెలిచారు గానీ, ఆ గెలుపు ఎన్నాళ్లో నిలవలేదు. క్లోరోఫాం గుండెను కూడా నేరుగా నీరసింపజేస్తుందని 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ చూపించారు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు ముడి విప్పారు. మత్తు లోతుగా ఎక్కినప్పుడు కాదు, తేలిగ్గా ఉన్నప్పుడే ప్రమాదం. భయపడ్డ ఒంట్లో ఎడ్రినలిన్ ఉరుకుతున్న వేళ కొద్దిపాటి క్లోరోఫాం చాలు, గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుని ఆగిపోతుంది. ఇది ఆయన పిల్లుల మీద రుజువు చేశారు. హన్నా గ్రీనర్ మరణానికి ఇప్పటికి దొరికే సమాధానాల్లో ఇదొకటి. హైదరాబాద్ బల్ల మీద మత్తు దండిగా ఎక్కించారు కాబట్టి ఊపిరే ముందు ఆగింది. లౌరీ చూసింది అబద్ధం కాదు. చూడనిది లేనే లేదన్నారు, తప్పు అక్కడుంది.

ఆ గుణం ఆయన్ను వదల్లేదు. 1895లో 19వ మద్రాసు పదాతిదళంతో సికింద్రాబాద్ కంటోన్మెంటుకు డాక్టర్ రొనాల్డ్ రాస్ వచ్చినప్పుడు, మలేరియా పరాన్నజీవి ఉందనే ఒప్పుకోనివారిలో లౌరీ ముందు వరుసలో ఉన్నారు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రాస్ దోమ పొట్టలో దాని జాడ పట్టేశారు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఇద్దరు సైనిక వైద్యులు. రాస్‌కు నోబెల్ వచ్చింది, స్మారకం వెలిసింది. లౌరీ పేరు మనవాళ్లలో ఎందరికి తెలుసు?

అయినా ఈ రచయిత ఓటు లౌరీకి సగం పడుతుంది. రోగి ప్రాణం ఊపిరి దగ్గర నిలబెట్టాలన్న పట్టు ఆయనది. 1952లో కోపెన్‌హేగన్‌ను పోలియో చుట్టుముట్టినప్పుడు ఆ పట్టే పనికొచ్చింది. ఆపరేషన్ గదిలో ఉండాల్సిన మత్తుడాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ వార్డులోకి వచ్చి, పిల్లల గొంతుకు గొట్టం వేసి, వైద్య విద్యార్థుల చేత వంతులవారీగా రబ్బరు సంచి నొక్కించారు. ఈనాటి ఐసీయూ పుట్టింది ఆ సంచి దగ్గరే.

ఊపిరి చూడాలన్న ఆ పాఠం కొవిడ్ కాలంలో మళ్లీ మన ఊరికే వచ్చింది. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కొవిడ్ కేసు బయటపడింది. ఆ రోగి చేరింది సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో. నెల తిరిగేసరికి ఆ ఆసుపత్రిని మొత్తం కొవిడ్‌కే కేటాయించారు. మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెబుతున్న మనిషి వేలికి ఆక్సీమీటరు పెడితే అంకె పడిపోయి ఉండేది. అలాంటివారిని నాడి పట్టి చూస్తే ఏం తెలుస్తుంది? కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో నిమిషానికి 24 సార్లో అంతకు మించో ఊపిరి తీస్తే జబ్బు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

అక్కడ పరిశోధనా ఆగలేదు. కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే రోగి బతుకుతాడని దేశమంతా ఆశపడుతున్న రోజులవి. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్ష జరిపింది. అందులో గాంధీ మెడికల్ కాలేజీ ఉంది. అక్టోబరుకల్లా ఫలితం వచ్చింది. ప్లాస్మా జబ్బు ముదరకుండా ఆపలేదు, మరణాలను తగ్గించలేదు. ఆశపడ్డది నిజం కాలేదని రాసి ప్రచురించారు. లౌరీ చేయలేని పని అదే.

చివరిగా పాఠకులకు ఒక మాట. ఇంట్లో పసిపిల్లకు దగ్గు, జ్వరం వస్తే నుదురు తాకి చూసి ఊరుకోకండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం ముందు పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40... ఈ అంకె తగిలినా, దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా అది న్యుమోనియా కావచ్చు. పొద్దున చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.