మురుగునీటిలో ఔషధములు

హైదరాబాదు నగరమున పంజాగుట్ట నుండి అమీర్‌పేట, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి మీదుగా పోవు బొంబాయి రహదారి ఎల్లరకును తెలిసినదే. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి కలదు. అమీర్‌పేటలో పెక్కు ఔషధ సంస్థల కార్యాలయములు చిరకాలము నెలకొని యుండెను. అదే దారిని ఇంచుమించు పాతిక కిలోమీటర్లు పోయినచో పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వచ్చును. మందును తయారుచేయు చోటు, దాని లెక్కలు వ్రాయు చోటు, దానిని రోగికిచ్చు చోటు మూడును ఒకే బాట మీద నున్నవన్నమాట. అయితే తయారైన మందులో కొంత రోగిని చేరక వేరొక దారిని పోవుచుండెనని 2007లో ఒక విశ్వవిద్యాలయ పరిశోధక బృందము కొలిచి చూపినది.

ఇచ్చటి ఔషధ పరిశ్రమకు పునాది ఐ.డి.పి.ఎల్. సోవియట్ దేశపు సహాయముతో 1961లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ బాలానగరు వద్ద కర్మాగారమును స్థాపించినది. అందు పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు పలువురు తరువాత స్వంత కర్మాగారములను పెట్టుకొనిరి. 1970 నాటి పేటెంటు చట్టము మందుపై గాక దానిని తయారుచేయు పద్ధతిపై మాత్రమే హక్కు నిచ్చుట వీరికి కలిసివచ్చినది. ఖరీదైన మందులు చౌకయైనవి. ఈ మేలును మరచి పరిశ్రమను నిందించుట న్యాయము కాదు.

మందును తయారుచేయునపుడు చర్య ముగిసిన పిదప ద్రావణము నుండి స్ఫటికములను వేరుచేయుదురు. ఎంత జాగ్రత్తపడినను కొంత మందు ద్రావణములోనే మిగిలిపోవును. ఇట్టి వ్యర్థజలము సుమారు 90 కర్మాగారముల నుండి పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రమునకు చేరుచుండెను. శుద్ధియైన నీరు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరలో, అటనుండి గోదావరిలో కలియుచుండెను. బావులు, పొలములు చెడినవని గ్రామస్థులు ఏనాటినుండియో మొరపెట్టుచుండిరి. 1990లోనే ఈ విషయము సుప్రీం కోర్టునకు పోయినది.

కొలతలు లేకపోలేదు. ఆమ్లత్వము, కరిగిన లవణములు, ఆక్సిజను అవసరము మొదలగువానిని పరీక్షించుట వాడుకయే. కాని ఆక్సిజను అవసరమనునది మొత్తము సేంద్రియ పదార్థమునకు కొలత. సంతలో మూటను తూచి బరువు చెప్పవచ్చును. మూటలో బియ్యమున్నవో జొన్నలున్నవో త్రాసు చెప్పజాలదు. మందులను పేరుపేరున వెదకినవారు స్వీడన్ దేశమునందలి గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోకిం లార్సన్, ఆయన సహచరులు.

వారి పద్ధతిని విద్యార్థులు తెలిసికొనదగును. మొదట ద్రవ వర్ణలేఖనము. నీటిని సన్నని గొట్టములోని ఘనపదార్థము గుండా పంపినచో ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వేగముతో కదలి విడివడును. పిదప ద్రవ్యరాశి వర్ణపటమాపకము ఆ అణువులను విద్యుదావేశితము చేసి, వాని భారమును కొలుచును. సిప్రోఫ్లాక్సాసిన్ అణుభారము 331. అణువును పగులగొట్టి ముక్కల భారములను కూడ చూతురు కనుక, అదే భారముగల వేరొక పదార్థమును చూచి పొరబడు అవకాశము స్వల్పము.

వారు 59 ఔషధముల కొరకు వెదకిరి. ఐరోపా నగరముల మురుగులో మందులు సాధారణముగ లీటరుకు మైక్రోగ్రాములలోనో, అంతకు తక్కువగనో కనబడును. ఇచ్చట శుద్ధియై వెలువడిన నీటిలోనే లీటరుకు 28 నుండి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినది! ఈ మందు 500 మిల్లీగ్రాముల బిళ్ల మ్రింగిన రోగి రక్తములో లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించి యుండదు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును: దినమునకు 15 లక్షల లీటర్ల నీరు, లీటరుకు 30 మిల్లీగ్రాముల మందు. మొత్తము 45 కిలోగ్రాములు, అనగా 90,000 బిళ్లలు. తొంబది లక్షల జనాభాగల స్వీడన్ దేశము అయిదు దినములలో వాడు మందు ఇచ్చట ఒక్క దినములో నీటిపాలగుచుండెను. ఇందు ఏ కర్మాగారపు వాటా ఎంతయో ఉమ్మడి నీటిని పరీక్షించి చెప్పుటకు వీలులేదు.

తప్పంతయు శుద్ధి కేంద్రమునదేనా? 2009లో ఊమియో విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు యెర్కర్ ఫిక్, లార్సన్ ప్రభృతులు మరల పరీక్షించిరి. ఆ కేంద్రపు నీరు చేరని రెండు చెరువులలో కూడ సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినది, లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు నుండెను. వ్యర్థములు వేరు దారులను కూడ పోవుచున్నవని దీనివలన తేలినది. గ్రామముల బావులలోను మందుల జాడలు కనబడినవి.

ఈ మందు సూక్ష్మజీవులను చంపుటకే పుట్టినది. కాని శుద్ధి కేంద్రములో మలినమును తిని నీటిని శుభ్రపరచునవియు సూక్ష్మజీవులే! అట్టి నీటిలో మందును తట్టుకొనగలిగినవే మిగిలి వృద్ధిపొందును. పైగా శుద్ధి సాగుటకై అందు గృహముల మురుగునీటిని కూడ కలుపుచుండిరి. దానితో మానవుని ప్రేగులలోని సూక్ష్మజీవులు మందుతో చేరినవి. నిరోధక శక్తినిచ్చు జన్యువులు ఒక జాతి నుండి మరియొక జాతికి దాటగలవు. 2013లో పూనా, స్వీడన్ శాస్త్రజ్ఞులు కలిసి ఈ కేంద్రపు సూక్ష్మజీవులను 39 మందులతో పరీక్షింపగా, వానిలో నూటికి 86 రకములు 20 గాని అంతకు మించి గాని మందులకు లొంగలేదు. ఆసుపత్రులలో కనబడు నిరోధకతలో ఈ నీటి వాటా ఎంతయో విడదీయుట కష్టము. మందులను అతిగా వాడుట కూడ అందుకు కారణమే.

2016లో జర్మనీ లోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమువారు హైదరాబాదు పరిసరములలో 28 చోట్ల నీటిని సేకరించిరి. ఆ ఫలితములు 2017లో వెలువడినవి. అన్ని చోట్లను సూక్ష్మజీవి నాశకములు కనబడినవి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, కర్మాగారపు నీటిలో యాంటీబయాటిక్‌లకు పేరుపేరున పరిమితులను విధించుచు ముసాయిదా ప్రకటించినది. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి నీటికి మార్గదర్శకములను ప్రచురించినది. అవి దేశములకు సలహాలే గాని శాసనములు కావు.