తెలుగునాట వీలునామా, దాన్ని రాసిపెట్టినవారు

విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారం తాతతండ్రుల ఆస్తిలో, అంటే పిత్రార్జితంలో, కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది కనుక, తన తదనంతరం ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే అవకాశం తండ్రికి దాదాపు ఉండేది కాదు. పదమూడో శతాబ్దిలో కేతన తెలుగులోకి తెచ్చిన ఈ ధర్మశాస్త్ర సంప్రదాయంలో కుటుంబాలకు కావలసింది వీలునామా కాదు, పంపకం. పొలం గట్లూ నీటి వంతులూ ఎరిగిన పెద్దమనుషులు వాటాలు తేలిస్తే, కరణం వాటిని కాగితం మీద పెట్టేవాడు. ఆ ఏర్పాటు అన్నదమ్ముల మధ్య చక్కగానే నడిచింది గాని, అవిభక్త కుటుంబంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీకి మనోవర్తి, అంటే తిండికీ బట్టకూ సరిపడే భరణం, తప్ప మరేమీ దక్కేది కాదు. పసుపు కుంకుమల కింద కూతురికి పుట్టింటివారు ఇచ్చే భూమి వారి మనసును బట్టి ఉండేది.

కంపెనీ పాలనలో మద్రాసు ప్రభుత్వం 1829 నాటి అయిదో రెగ్యులేషన్ ద్వారా, హిందువుల వీలునామా హిందూ ధర్మశాస్త్రానికి లోబడినంత మేరకే చెల్లుతుందని నిర్ణయించింది. ఆ శతాబ్ది మధ్య నుంచి న్యాయస్థానాలు స్వార్జితానికి, అంటే మనిషి సొంతంగా సంపాదించుకున్న ఆస్తికి, వీలునామాను అంగీకరించినా, ఉమ్మడి ఆస్తిలోని విడిపోని వాటాను వీలునామాతో ఇచ్చేందుకు మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. యజమాని కన్నుమూసిన క్షణంలోనే ఆ వాటా మిగిలిన దాయాదులకు సంక్రమిస్తుందన్నది దాని తర్కం. అందువల్ల ఏది పిత్రార్జితం, ఏది స్వార్జితం అన్న ప్రశ్నే కీలకమైంది. ఉమ్మడి సొమ్ముతో చదివి ఉద్యోగం చేసినవాని సంపాదనలోనూ అన్నదమ్ములు వాటా అడగగల పరిస్థితి 1930 నాటి విద్యార్జిత చట్టం వచ్చేదాకా ఉండేది. ఇటువంటి చిక్కు, పొలం సరిహద్దులు ఎరిగిన కరణానికి అందేది కాదు. దానికి వకీలు కావలసి వచ్చాడు.

మద్రాసు నగరం వెలుపలి జిల్లాల్లో 1927కు ముందు నోటిమాటగా చెప్పిన వీలునామా కూడా చెల్లేది. ఆ ఏటి నుంచి రాత, సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ తప్పనిసరి కావడంతో, సబ్‌రిజిస్ట్రారు కచేరీల దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరుల పని మరింత బరువైనదైంది. అయితే క్రయపత్రానికి సరిపోయే మూస వీలునామాకు సరిపోదు. క్రయపత్రం రాయడానికి భూమి వివరం తెలిస్తే చాలు, వీలునామాకు ఇంటి మనుషులూ తెలియాలి, ఆస్తి స్వభావమూ తెలియాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం వీలునామాను నమోదు చేయించాలని నిర్బంధించలేదు, పైగా సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచుకునే వీలు కల్పించింది. ఇంట్లో కలహం రేగుతుందని జంకే పెద్దలకు ఇది నిజమైన ఆసరా.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలోని సొంత వాటాను కూడా వీలునామాతో ఇచ్చే హక్కు కల్పించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ కూతుళ్లకు పుట్టుకతోనే సమాన హక్కు ఇచ్చినా, అంతకుముందే పెళ్లయినవారిని మినహాయించింది. ఒకే ఇంటి అక్కచెల్లెళ్లలో పెద్దదానికి లేని హక్కు చిన్నదానికి వచ్చిన ఆ అన్యాయాన్ని సరిదిద్దదలచిన తండ్రికి, 2005లో కేంద్ర సవరణ వచ్చేవరకు, తన వాటా మేరకు వీలునామా రాయడం అందుబాటులో ఉన్న ఒక ప్రధాన మార్గం.