లండను పొగ వంశావళి

లండను మహానగరమును శీతకాలమున కప్పెడు పసుపువన్నె పొగమంచును థేమ్సు తీరమునకు ప్రకృతి యొసగిన అలంకారముగా భావించిన చిత్రకారులును కథకులును పెక్కండ్రు కలరు. మంచు ప్రకృతిదే కాని దానికి ఆ వన్నె తెచ్చిన పొగ మనుష్యకృతము. ఆ పొగకు ఏడువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు ఆద్యంతము కానవచ్చు విశేష మొక్కటి: బట్టీలవారి పొగను నిషేధించుటకు ప్రభుత్వము లెన్నడును జంకలేదు, గృహస్థుని నెగడు దగ్గఱకు వచ్చునప్పటికే వానికి చేతులాడవు.

ఇంగ్లండు ఈశాన్యతీరమునుండి ఓడలలో దిగుమతి యగుటచేత సముద్రపు బొగ్గని పేరుపడిన నేలబొగ్గును 13వ శతాబ్దిలో సున్నపు బట్టీలవారు విరివిగా వాడసాగిరి. దాని గంధకపు కంపునకు తాళలేని పౌరుల మొఱలను విచారించుటకు 1285లో ఒక సంఘ మేర్పడెను. 1306లో మొదటి ఎడ్వర్డు రాజు, బట్టీలలో కట్టెలే కాల్పవలయును గాని ఆ బొగ్గు కాల్పరాదని శాసించెను. శాసనము నిలువలేదు. అడవులు తఱిగి కట్టెలు ప్రియమైనకొలది, 16వ శతాబ్ది ముగియునాటికి, సామాన్యుల యిండ్లలోనికి సైతము బొగ్గు ప్రవేశించెను. ఇటుకల పొగగొట్టములు నగరమంతట మొలచెను.

1661లో జాన్ ఎవెలిన్ అను పండితుడు ‘ఫ్యూమిఫ్యూజియము’ అను చిన్న గ్రంథమును రెండవ చార్లెసు రాజునకు సమర్పించి, బీరు కాచువారిని, అద్దకమువారిని, సబ్బు వండువారిని, సున్నము కాల్చువారిని నగరమునకు దూరముగా పంపివేసి, చుట్టును పరిమళించు పొదలు నాటింపుమని వేడెను. దోషమంతయు వృత్తులవారిదేనట, వంటయిండ్ల పొగ అంతగా లెక్కింపదగినది కాదట! ఆ పెద్దమనిషి పుస్తకము వ్రాసినది కూడ ఏ బొగ్గు నెగడు చెంతనో కావచ్చును. అయిదేండ్లకు నగరము దగ్ధము కాగా, దాని పునర్నిర్మాణమునకును సెయింటుపాల్సు దేవాలయమునకును వలయు ద్రవ్యమును ఏ సరకుపై సుంకము విధించి కూర్చిరనగా, ఆ బొగ్గుపైననే. తనకు పునాది పోసిన బొగ్గు మసియే తరువాత ఆ తెల్లరాతి గుడిని నల్లబఱచెను. పొగగొట్టములలోనికి పాకి మసి దులుపు పసిపిల్లల దుర్గతి వేఱొక కథ. పెద్దయైన పిదప వారికి వచ్చు పుండు ఆ మసివలన కలిగిన క్యాన్సరని 1775లో పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు నిరూపించెను. 1853లో మహానగరపు పొగను అరికట్టుటకై వచ్చిన చట్టము కర్మాగారముల కొలుములను, నదిలోని పొగయోడలను పట్టుకొన్నదే కాని యిండ్ల జోలికి పోలేదు.

1952 సంవత్సరము ఈ చరిత్రకు నడిమి గడప. ఆ జూలైలో లండను విద్యుత్ ట్రాముబండ్లలో తుదిది ఆగిపోయి, వాని స్థానమున డీజిలు బస్సులు నడువసాగెను. యుద్ధానంతరపు దారిద్ర్యమున మేలిరకపు బొగ్గును విదేశములకు అమ్ముకొనుచున్న ప్రభుత్వము, ‘నట్టీ స్లాక్’ అను బొగ్గుపొడి కలిసిన నాసిరకపు సరకునకు డిసెంబరు మొదటనే రేషను ఎత్తివేసెను. 5వ తేదీన గాలి స్తంభించి, నేలపై చల్లనిగాలి మీద వెచ్చనిగాలి మూతవలె పఱచుకొనగా, లక్షలాది నెగళ్ల పొగయు, నగరమధ్యపు విద్యుత్కేంద్రముల పొగయు, క్రొత్త బస్సుల పొగయు ఐదుదినములు అచ్చటనే చిక్కుకొనెను. కండక్టరు దివిటీ పట్టి ముందు నడువగా బస్సు వెనుక ప్రాకుచు వచ్చెడిది. సాడ్లర్సువెల్సు నాటకశాలలోనికి సైతము పొగ చొచ్చి, రంగస్థలము ప్రేక్షకులకు కనబడక సంగీతనాటకము నడుమ నిలిచిపోయెను. ఎర్ల్సుకోర్టు ప్రదర్శనకు వచ్చిన బలిసిన పశువులు కొన్ని ఊపిరాడక చచ్చెను. శుభ్రముగా ఉంచిన మేలిజాతి పశువులకే ఆపద మిక్కిలిగా వచ్చెననియు, పేడతోను మూత్రముతోను నిండిన పాకలలోనివి ఆ అమ్మోనియా గాలిలోని ఆమ్లమును విఱుచుటచేత బ్రతికెననియు కొందఱు తలపోసిరి.

చనిపోయిన మనుష్యులు నాలుగువేలని తొలిలెక్క. అనంతర మాసముల అధికమరణములను అధికారులు ఇన్‌ఫ్లుయెంజా పద్దున వ్రాసిరి. ఆ పద్దును తిరుగదోడిన ఇటీవలి పరిశోధకులు మొత్తము పండ్రెండువేల వఱకు ఉండునని అంచనా వేసిరి. నాటి మృతుల శ్వాసకోశముల ముక్కలు భద్రపఱుపబడి యుండగా అర్ధశతాబ్ది పిమ్మట సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. కంటికి కనబడని కర్బన రేణువులును, లోహపు నలుసులును అందు అట్లే నిలిచి యుండెను.

హ్యూ బీవరు అధ్యక్షతన విచారణ జరిగి 1956లో పరిశుద్ధవాయు చట్టము రాగా, ప్రభుత్వము మొట్టమొదటిసారిగా ఇంటి నెగడుపై చేయి వేసెను. అదియు బెదిరించి మాత్రమే కాదు, నెగడు మార్చుకొనువారికి ధనసహాయము చేసి కూడ. పిదప ఉత్తరసముద్రపు సహజవాయువు ఇండ్లకు చేరుటయు, నగరమధ్యపు విద్యుత్కేంద్రములు మూతపడుటయు చట్టము చేయలేని పనిని చేసెను. ఆకాశము తెలివినొందెను, గుడిగోడలను కడిగి తెల్లచేసిరి. పొగ పోయెనని సంతసించిరి.

కాని రేణువులు సన్ననివై మిగిలెను. వెండ్రుక మందములో ముప్పదవ వంతైనను లేని, అనగా 2.5 మైక్రానులకు లోబడిన ఈ నలుసులు ముక్కునకు చిక్కక ఊపిరితిత్తుల లోతులకు దిగును. భూతాపమునకు భయపడి 2001లో కార్ల పన్నును కర్బనవాయువు లెక్కన విధించిన ప్రభుత్వము, డీజిలు కార్లు కొనుటకు జనమును తానే పురికొల్పినట్లయ్యెను. ఆ తప్పు దిద్దుటకు 2019లో నగరమధ్యమున, 2023 నాటికి నగరమంతటను, మురికిబండ్లపై దినసుంకము విధించిరి. వెనుకగొట్టపు పొగ తగ్గిన కొలది బ్రేకుల అరుగుదల, చక్రముల రబ్బరు, రోడ్డు ధూళి పెద్దపాలు కాజొచ్చెను. విద్యుత్కార్లకును వీనినుండి విముక్తి లేదు. మార్చి ఏప్రిలు మాసములలో రైతులు ఎరువు చల్లునప్పు డెగసిన అమ్మోనియా, యూరపుగాలి వెంట వచ్చి, నగరపు నత్రజని వాయువులతో కలిసి క్రొత్త రేణువులను పుట్టించుచున్నది; 1952లో పశువులను కాచెనన్న ఆ వాయువే ఇప్పుడిట్లు శత్రుపక్షము చేరినది.

వింతలలో వింత, కట్టెలపొయ్యి తిరిగి వచ్చుట. వెచ్చదనమునకు వాయువు ఉండగా, వేడుకకై సంపన్నులు ఇనుపపొయ్యిలలో దుంగలు కాల్చుచున్నారు. ఎడ్వర్డు రాజు ఏ కట్టెలను కాల్పుడని ఆదేశించెనో అవియే నేడు లండను సూక్ష్మరేణువులకు ప్రధానకారణములలో ఒకటి. పొగనిషేధ మండలములలో పొగ వదలినచో మూడువందల పౌన్ల వఱకు అపరాధము విధింప వచ్చునని 2021 చట్టము చెప్పుచున్నది. ఆ సొమ్ము చెల్లించిన గృహస్థులు మాత్రము బహు అరుదు.