గాలిలో మందెంత?

1889 అక్టోబరు, హైదరాబాద్.

బల్లకు కట్టేసిన కుక్క మూతికి మత్తుమందు క్లోరోఫాం పోసిన టోపీ తొడిగారు. మెడలోని రక్తనాళం నుంచి గొట్టం పాదరసపు మీటరుకు వెళ్లింది. తిరుగుతున్న డ్రమ్ము మీది కాగితంపై రక్తపోటు గీత పడుతోంది. లండన్ నుంచి వచ్చిన డాక్టర్ లాడర్ బ్రంటన్ ఆ గీత మీంచి చూపు తిప్పడం లేదు.

క్లోరోఫాం ఒక్కోసారి ముందు గుండెనే ఆపేస్తుందని బ్రంటన్ నమ్మకం. కాదు, ముందు ఆగేది ఊపిరేనని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన. అంతకుముందు ఏడాది హైదరాబాద్‌లో తొలి క్లోరోఫాం కమిషన్ 141 కుక్కలపై తేల్చిన సంగతి అది. ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండంటూ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు.

కుక్క ఊపిరి ఆగింది. గీత మాత్రం ఇంకా కదులుతూనే ఉంది!

మళ్లీ మళ్లీ అదే. డిసెంబరు నాటికి కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు... వందల మూగజీవాలు ఆ బల్లెక్కాయి. బ్రంటన్ మనసు మారింది. లండన్‌కు తంతి వెళ్లింది.

నాడిని వదిలెయ్, ఊపిరిని చూడు. ఇదీ లారీ సూత్రం. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరు పొందారు. కానీ పీల్చే గాలిలో మందు నూటికి ఎన్ని పాళ్లన్న లెక్కను లారీ పెద్దగా పట్టించుకోలేదు. లండన్‌లో జాన్ స్నో 1858కి ముందే ఆ లెక్క కట్టారు. 1911లో పరిశోధకుడు లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని తేలింది. హైదరాబాద్ తీర్పు నిలవలేదు. ఈలోపే హార్కోర్ట్ ఇన్‌హేలర్ క్లోరోఫాం ఆవిరిని 2 శాతం దాటకుండా కట్టడి చేసింది.

ఇవాళ్టి ఆపరేషన్ థియేటర్‌లోనూ అదే లెక్క ముఖ్యం. అక్కడ ఆక్సిజన్‌కు ప్రాణం నిలపడంతో పాటు ఇంకో పని కూడా ఉంది, మత్తును మోయడం. ద్రవ మందును ఆవిరిగా మార్చే వేపరైజర్‌లో కొంత గ్యాస్ మందు మీదుగా వెళ్లి ఆవిరిని తెస్తుంది, మిగతాది పక్కదారిన వచ్చి దాంతో కలుస్తుంది.

ఇప్పుడు ఆక్సిజన్‌కు నైట్రస్ ఆక్సైడ్ కలిపారనుకోండి. అది ద్రవ మందులో ఎక్కువగా కరుగుతుంది. దాంతో ఆవిరిని మోసుకుని బయటికొచ్చే గ్యాస్ కాసేపు తగ్గుతుంది. ద్రవం నైట్రస్‌తో నిండాక మందు శాతం కొంత కోలుకున్నా, పాత అంకెకు రాకపోవచ్చు. రెండు వాయువుల చిక్కదనం, సాంద్రత వేరు కాబట్టి అవి రెండు దారుల్లో పంచుకునే తీరూ మారుతుంది. నైట్రస్ ఆపి ఆక్సిజన్‌కు తిరిగొస్తే, కరిగిన నైట్రస్ అంతా బయటికొచ్చి ఆవిరి కాసేపు పెరుగుతుంది. ఇంత జరిగినా వేపరైజర్ డయల్ పెట్టిన చోటే ఉంటుంది. అందుకే మత్తు డాక్టర్, రోగి ఊపిరిలో మందు శాతాన్ని కొలిచే ఎనలైజర్ అంకె చూసి డయల్ సవరిస్తారు.