చిన్న మేళములు, చిన్న సంస్థ: బ్లూ నోట్ రికార్డుల చరిత్ర

1938 డిసెంబరు 23వ తేదీ రాత్రి న్యూయార్కు నగరమందలి కార్నెగీ హాలులో నీగ్రో సంగీతమును గూర్చిన గొప్ప కచేరి యొకటి జరిగెను. శ్రోతలలో బెర్లిను నుండి వచ్చి స్థిరపడిన ఆల్‌ఫ్రెడ్ లయన్ అను యువకుడుండెను. ఆల్బర్ట్ అమన్స్, మీడ్ లక్స్ లూయిస్ అను నిరువురి పియానో వాదనము అతని మనస్సును పట్టి విడువలేదు. సరిగా రెండు వారములకు, 1939 జనవరి 6న, వారిని స్టూడియోకు రప్పించి రికార్డు చేయించెను. బ్లూ నోట్ సంస్థ పుట్టుక ఇదియే. మూలధనము మిత్రుడైన మాక్స్ మార్గులిస్ సమకూర్చెను.

ఆ దినములలో అమెరికా అంతటను పెద్ద నాట్యమేళములదే రాజ్యము. విక్టర్, కొలంబియా, డెక్కా సంస్థలకు అవియే లాభము. లయన్ కోరినది నలుగురైదుగురు కూర్చుండి వాయించు సంగీతము. పది అంగుళముల రికార్డు మూడు నిమిషములతో ముగియును గనుక, సిడ్నీ బెషే వాయించిన ‘సమ్మర్‌టైమ్’ను పండ్రెండంగుళముల పళ్లెముపై విడుదల చేసెను. ఆ యేడు చివర, నాజీల బారి నుండి తప్పించుకొని, యూదుడైన బాల్యమిత్రుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ వచ్చి చేరెను. అతడు ఛాయాగ్రాహకుడు. వాద్యకారులు వాయించుచుండగా అతడు తీసిన చిత్రములే తరువాత రికార్డుల అట్టలకు శోభ తెచ్చినవి.

1947లో థెలోనియస్ మంక్‌ను ప్రధాన వాద్యకారునిగా మొదట రికార్డు చేసిన ఘనత వీరిదే. విమర్శకులు పెదవి విరిచిరి; అమ్మకము స్వల్పము. అయినను 1952 వరకు మరల మరల పిలిచిరి. వ్యాపారదృష్టితో ఇది అవివేకమే. రికార్డింగుకు ముందు సాధన చేయు దినములకు సైతము వేతనమిచ్చుట ఈ సంస్థ ఆచారము. ఇట్టి ఔదార్యము ఆనాడు అరుదు.

1953 నుండి శబ్దగ్రహణము రూడీ వాన్ గెల్డర్ వంతయ్యెను. పగలు అతని వృత్తి కంటి పరీక్ష. స్టూడియోయో, హాకెన్‌సాక్ పట్టణమున తల్లిదండ్రుల ఇంటి ముందుగది! 1957 సెప్టెంబరు 15న జాన్ కోల్ట్రేన్ మరి ఐదుగురితో ‘బ్లూ ట్రైన్’ వాయించినది ఆ గదిలోనే. లాంగ్ ప్లే రికార్డు వచ్చియుండుటచే ఒక్కొక్క కృతి పది నిమిషములు సాగుటకు వీలు కలిగెను.

ఈ సంగీతపు కట్టడము మన శ్రోతలకు దుర్గ్రాహ్యము కాదు. ఊదు వాద్యములు కలసి మొదట ఒక వరుసను వినిపించును. పిమ్మట ఒక్కొక్కరు తమ మనోధర్మమును చూపుదురు. కడకు అందరును ఆ వరుసకే వత్తురు. పల్లవి పాడి, స్వరకల్పన చేసి, మరల పల్లవినందుకొనుట వంటిదే. అయితే వారికి ఆధారము రాగము కాదు. పియానోపై పండ్రెండో ముప్పదిరెండో గతులకొకసారి ఆవర్తనమగు స్వరమేళనల క్రమము.

సంస్థకు చేటు తెచ్చినది నష్టము కాదు, విజయము. 1964లో లీ మోర్గన్ ‘సైడ్‌వైండర్’ విపరీతముగా అమ్ముడుపోయెను. పంపిణీదారులు అట్టిదే మరియొకటి కావలెననిరి. వారి నుండి సొమ్ము ఆలస్యముగా వచ్చును; రికార్డులు ముద్రించు కర్మాగారమునకు మాత్రము ముందే చెల్లింపవలెను. చిన్న సంస్థ ఈ భారమును ఎంతకాలము మోయగలదు? 1965లో బ్లూ నోట్ లిబర్టీ సంస్థకు అమ్ముడయ్యెను. 1967లో లయన్ విరమించెను. వుల్ఫ్ 1971లో మరణించువరకు పనిచేసెను.

పేరు నేటికిని జీవించియున్నది, కాని పెద్ద సంస్థ నీడలో. 1970 దశకము మధ్య నుండి గిడ్డంగిలోని టేపులు వెదకగా, వేతనములిచ్చి రికార్డు చేయించియు విడుదల చేయనివి అనేకములు బయటపడెను. ఇది లయన్ ఖాతాలో వ్రాయవలసిన లోపమే. టీనా బ్రూక్స్ అను సాక్సఫోను వాద్యకారుడు 1958, 1961 సంవత్సరముల మధ్య తన పేర నాలుగు రికార్డులు వాయించెను. 1974లో అతడు మరణించునాటికి విడుదలయినది ఒక్కటి. తక్కిన మూడింటిని తరువాతి తరము వినుచున్నది.