ఖరాదు పనికి కాలేజీ చదువు వచ్చిన కథ

పోయిన సంవత్సరం పదవ తరగతి మెమోలు పంచుతున్న రోజున ఒక తండ్రిగారు నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "మాస్టర్ సాబ్, మావాడిని ఖరాదు కార్ఖానాలో పెట్టేశాను. ఉస్తాద్ మంచివాడు, నేర్పుతాడు. మీరేమో ఐ.టి.ఐ. అంటున్నారు. ఖరాదు పనికి కూడా కాలేజీ కావాలా?" అన్నారు. నేను ఏదో ఫారాలు, సర్టిఫికెట్లు అని చెప్పి పంపించినాను గాని, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆయన అడిగినది నిజానికి చరిత్రకు సంబంధించిన ప్రశ్న. నేను చదువుకున్నంతలో దానికి జవాబు ఇక్కడ వ్రాస్తున్నాను.

ఖరాదు అనగా లేతు మిషన్. అది తిప్పేవాడు ఖరాదీ. తెలుగులో దీనికి తరిమెన అని పాత మాట ఉన్నది. విశాఖ వైపు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు ఇప్పటికీ తరిమెన పట్టి చేస్తారు. కొయ్య తిరుగుతుంది, ఉలి నిలిచి ఉంటుంది, అంతే సూత్రము. ఈ సూత్రము వేల సంవత్సరాల నాటిది. ఇనుమును అదే విధంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పడం మాత్రం రెండున్నర వందల సంవత్సరాల లోపు సంగతి.

దీనికి మూలం ఫిరంగి గొట్టం. గొట్టం లోపలి భాగం నున్నగా, సమంగా లేకపోతే గుండు సూటిగా పోదు. మన దేశంలో ఈ విషయం ముందే గ్రహించినారు. అక్బర్ కాలంలో ఒకేసారి పదహారు తుపాకీ గొట్టాలను లోపల శుభ్రం చేసే యంత్రం ఉన్నట్లు అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో వర్ణించినాడు. ఒక పశువు చక్రం తిప్పుతుంటే పదహారు గొట్టాల పని ఒక్కసారిగా జరిగేది. అబుల్ ఫజల్ ఆ ఘనతను బాద్షాకే కట్టబెట్టినాడు గాని, చరిత్రకారులు దీని వెనుక మీర్ ఫతహుల్లా షీరాజీ ఉన్నాడని భావిస్తారు. ఈయన మన దక్కను నుండి పోయినవాడే. బీజాపూరులో అలీ ఆదిల్ షా దర్బారులో ఉండి, 1583లో అక్బర్ వద్దకు చేరినాడు, 1589లో చనిపోయినాడు. గణితం, హిక్మత్ తెలిసిన ఆలిమ్ చేతికి కార్ఖానా పని కూడా తెలిసి ఉండడం ఎంత అరుదో చూడండి. అయితే ఆయన తర్వాత ఆ పనిని నేర్పే మద్రసా ఏదీ రాలేదు. యంత్రం ఉన్నది, ఉస్తాద్ ఉన్నాడు, సిల్సిలా మాత్రం సాగలేదు.

ఇంగ్లండులో సిల్సిలా సాగింది. 1774లో జాన్ విల్కిన్సన్ ఫిరంగులు తొలిచే కొత్త పద్ధతి కనిపెట్టినాడు. వెంటనే జేమ్స్ వాట్ ఆవిరి ఇంజనుకు సిలిండర్లు తొలిచి ఇచ్చినాడు. యాభై అంగుళాల సిలిండరులో పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా ఎక్కడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ సంతోషపడినాడు. ఈనాటి టర్నరుకు అంత తేడా చూపిస్తే ఉద్యోగం పోతుంది, అది వేరే మాట! ఆ తర్వాత 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్స్‌లే మరలు కోసే లేతును సరిగా కుదిర్చినాడు. ఉలిని చేతితో పట్టుకొనే అవసరం లేకుండా, స్లైడు మీద బిగించి, లీడ్ స్క్రూతో నడిపించినాడు. ఇక కార్మికుని చెయ్యి వణికినా పని వణకదు.

మాడ్స్‌లే కార్ఖానాయే ఒక కాలేజీ వంటిది. రిచర్డ్ రాబర్ట్స్, జోసెఫ్ క్లెమెంట్, జేమ్స్ నాస్మిత్, జోసెఫ్ విట్‌వర్త్ వంటివారు అక్కడ పనిచేసి వచ్చినవారే. మన సూఫీల సిల్సిలాలో ఒక పీర్ దగ్గర నుండి నలుగురు ఖలీఫాలు బయలుదేరినట్లే ఇది. వీరిలో విట్‌వర్త్ పేరు మన నీళ్ళ పైపులు బిగించే కుర్రాళ్ళ నోళ్ళలో కూడా ఉన్నది. 1841లో ఆయన మరలన్నీ ఒకే కొలతకు, 55 డిగ్రీల కోణానికి ఉండాలని ప్రతిపాదించినాడు. అంతకు ముందు ప్రతి కార్ఖానాకు దాని బోల్టు దానిదే, పక్కవాడి నట్టు పట్టేది కాదు.

ఇంతవరకు ఉస్తాద్-షాగిర్ద్ పద్ధతే. ఆ తండ్రిగారి మాట ఇంతవరకు నెగ్గుతుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక ఉస్తాద్ దగ్గర ఇద్దరు ముగ్గురు నేర్చుకుంటారు. రైళ్ళు, మిల్లులు, ఆయుధాలు వేల మందిని అడుగుతున్నాయి. పైగా షాగిర్దు మొదటి రెండేళ్ళు చాయ్ తేవడం, చిప్పులు ఊడ్వడంతోనే సరిపోతుంది. ఇది ఇంగ్లండులోనూ ఇంతే, అఫ్జల్‌గంజ్‌లోనూ ఇంతే.

ఈ చిక్కును విప్పిన సంవత్సరం 1868 అని చెప్పవచ్చు. మాస్కోలోని ఇంపీరియల్ టెక్నికల్ స్కూలు డైరెక్టరు విక్టర్ డెల్లా-వాస్ ఆ సంవత్సరం ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టినాడు. సరుకు తయారయ్యే కార్ఖానా వేరు, నేర్పే కార్ఖానా వేరు అన్నాడు. వడ్రంగం, కొలిమి, ఫిట్టింగు, తరిమెన పని ఒక్కొక్కటి విడదీసి, ఖాయిదాలో అలిఫ్, బే వలె సులువైన దాని నుండి కష్టమైన దానికి వరుసగా పాఠాలు అమర్చినాడు. ప్రతి విద్యార్థికి ఒక బెంచి, ఒకే రకం పనిముట్లు, చేతిలో డ్రాయింగు. మొదటి ముక్క కొలతకు రాకపోతే రెండవది ఇవ్వరు. ఇప్పుడు ఒక్క మాస్టరు ఒక తరగతి మొత్తానికి నేర్పగలడు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ విద్యార్థులు చేసిన ముక్కలు పెట్టినారు. అవి చూసి మసాచుసెట్స్ సంస్థ అధ్యక్షుడు రంకిల్ వెంటనే తమ దగ్గర అలాంటి వర్క్‌షాపులు ఏర్పాటు చేయించినాడు.

విచిత్రంగా అదే 1868లో అమెరికాలోనే వూస్టర్ పట్టణంలో వాష్‌బర్న్ షాపులు మొదలైనాయి. అక్కడి సిద్ధాంతం దీనికి పూర్తి వ్యతిరేకం. విద్యార్థి అమ్ముడుపోయే సరుకే చేయాలి, బజారులో నిలబడని పని పనే కాదు అన్నారు. అదే సంవత్సరం విట్‌వర్త్ తన డబ్బుతో, చేతిపని మరియు శాస్త్రము రెండూ వచ్చిన యువకులకు స్కాలర్‌షిప్పులు స్థాపించినాడు.

మాస్కో పద్ధతా, వూస్టర్ పద్ధతా? ఈ తగాదా నేటికీ తీరలేదు. నా అభిప్రాయము అడిగితే, మొదటి సంవత్సరం మాస్కో, తర్వాత వూస్టర్ అంటాను. ఎప్పటికీ తుక్కులోకి పోయే ముక్కలే చేసిన పిల్లవాడికి గిరాకీ తొందర తెలియదు. మొదటి రోజు నుండి గిరాకీ పనే చేసినవాడికి తాను చేస్తున్నది ఎందుకో తెలియదు.

ఇక మన హైదరాబాదు సంగతి. 1786లో ఫ్రెంచి దొర రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టినాడు. తోప్ కా సాంచా, గన్‌ఫౌండ్రీ అని ఆ మొహల్లాకు పేరు మిగిలింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి ఒక సంవత్సరం ముందే దారుల్ తర్జుమా నెలకొల్పబడినది. 1929లో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువు ఉర్దూలో చెప్పినారంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. మాటల కోసం పండితులు ఎంత శ్రమపడ్డారో! మౌల్వీ వహీదుద్దీన్ సలీమ్ 1921లో పారిభాషిక పదాలు ఎలా కల్పించాలో "వజ్-ఎ-ఇస్తిలాహాత్" అనే పుస్తకమే వ్రాసినారు. అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ వారు తర్వాత పనివారి మాటలను వృత్తుల వారీగా ఏరి ఎనిమిది భాగాల నిఘంటువుగా వేసినారు. బర్మా, రేతీ, ఛేనీ, షికంజా, పేచ్, చూడీ వంటి మాటలు కార్ఖానాల్లో ఎలాగూ ఉన్నాయి. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. దీని గురించి మనవాళ్ళు ఎక్కువగా బాధపడతారు. నాకు మాత్రం భాష మారడం కన్నా మరొకటి పెద్ద లోటుగా తోస్తుంది. పైన కాలేజీ ఉన్నది, కింద ఖరాదీ ఉన్నాడు, మధ్యలో మెట్లు లేవు.

మెట్లు స్వాతంత్ర్యం తర్వాత వచ్చినవి. 1950లో కేంద్ర ప్రభుత్వం క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము ప్రారంభించి, దేశంలో యాభై వరకు ఐ.టి.ఐ.లు పెట్టింది. 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. ఇక్కడ ప్రాగా టూల్స్ 1943లోనే సికింద్రాబాదులో మొదలైంది, చాలా కాలం తర్వాత హెచ్.ఎం.టి.లో కలిసింది. హెచ్.ఎం.టి. స్వయంగా 1953లో బెంగుళూరులో స్విట్జర్లాండు వారి ఓర్లికాన్ సాయంతో స్థాపించబడి, 1960ల దశకంలో హైదరాబాదుకు వచ్చింది. 1968లో, అనగా మాస్కో పద్ధతికి సరిగ్గా నూరేళ్ళకు, బాలానగరులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో నెలకొల్పబడినది. అక్కడ పదవ తరగతి పాసైనవాడు నాలుగు సంవత్సరాలలో టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా పొందవచ్చు. అక్కడ చదువుతో పాటు బయటి పరిశ్రమలకు పనిముట్లు చేసి ఇవ్వడం కూడా ఉన్నది. మాస్కో, వూస్టర్ ఒకే కప్పు కింద అన్నమాట.

మరి ఉస్తాద్ చెప్పనిది, టర్నర్ ట్రేడులో చెప్పేది ఏమిటి? ఒక లెక్క చూపిస్తాను. మెత్తని ఉక్కును నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయాలనుకుందాం. రాడ్డు వ్యాసం 40 మిల్లీమీటర్లు. 25ను వెయ్యితో గుణించి, వ్యాసాన్ని 3.14తో గుణించిన దానితో భాగిస్తే సుమారు 200 వస్తుంది. నిమిషానికి 200 చుట్లు. రాడ్డు 20 మిల్లీమీటర్లైతే 400. ఉస్తాద్ దీనిని చిప్పు రంగు చూసి, శబ్దం విని చెబుతాడు. ముప్పై ఏళ్ళ అనుభవం అది, నేను దానికి సలాము చేస్తాను. కాని కొత్త లోహం వచ్చిన రోజు రెండు ముక్కలు పాడుచేసి గాని తెలుసుకోలేడు. 1952లో మసాచుసెట్స్ సంస్థవారు చిల్లుల టేపుతో నడిచే మిల్లింగు యంత్రం ప్రదర్శించినప్పటి నుండి ఈ లెక్క ఇంకా ముఖ్యమైంది. ఈనాటి సి.ఎన్.సి. మిషనుకు చెవి లేదు, అంకె ఇస్తేనే వింటుంది.

ఆ తండ్రిగారు చివరకు ఒప్పుకున్నారు. అబ్బాయిని తీసుకొని నేనే ఒక ఐ.టి.ఐ.కి పోయినాను. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, మెమోలో ఒక స్పెల్లింగు ఉన్నదని కౌంటరులో రెండుసార్లు తిప్పి పంపినారు. "మొహమ్మద్"ను ఎన్ని విధాలుగా వ్రాయవచ్చో ఆ వారంలో నాకు తెలిసివచ్చింది. మూడవసారి చేర్చుకున్నారు. మొదటి మూడు నెలలు డ్రాయింగులోని ఇంగ్లీషు మాటలకు ఏడ్చినాడు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరుసల్లో ఒక చిన్న పట్టిక వ్రాసి ఇచ్చినాను: చూడీ, మర, థ్రెడ్, రేతీ, ఆకురాయి, ఫైల్. పాతికో ముప్పైయో మాటలు, అంతకన్నా లేవు.

రంజాన్ సెలవుల్లో వాడు పాత ఉస్తాద్ దుకాణానికి పోతే నేనూ వెంట పోయినాను. అంగుళం నీళ్ళ పైపుకు చూడీ కోయాలి, అంగుళానికి 11. ఉస్తాద్ అలవాటు ప్రకారం 20 పళ్ళ గేరు, 55 పళ్ళ గేరు తీసి పెట్టినాడు. "ఇవే ఎందుకు చాచా?" అన్నాడు కుర్రాడు. "మా ఉస్తాద్ ఇవే పెట్టేవాడు బేటా" అన్నాడాయన. వాడు సుద్దముక్క తీసుకొని గోడ మీద వ్రాసినాడు: లీడ్ స్క్రూకు అంగుళానికి 4, కోయవలసినవి 11, నాలుగుకు పదకొండు, రెండింటినీ ఐదుతో గుణిస్తే ఇరవైకి యాభై ఐదు. ఉస్తాద్ కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు ఆ గోడ వైపు చూసినాడు. తర్వాత, "మరి పద్నాలుగు కోయాలంటే?" అని అడిగినాడు.